నేను వదిలించుకున్న కల

దెయ్యాలు, గాలి, ధూళి అంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. నేను ఎలక్ట్రీషియన్‌ని. ఆదోనిలో పత్తి నుంచి గింజ వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో పద్దెనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. లైటు వెలగలేదంటే ఫ్యూజు పోయి ఉండాలి, లేదా తీగ ఎక్కడో తెగి ఉండాలి. మా మిల్లులో మోటారు ఆగిపోతే హమాలీలు దిష్టి తగిలిందని నిమ్మకాయ కోస్తారు. నేను బేరింగు మారుస్తాను. మోటారు తిరుగుతుంది. చూశావా, నిమ్మకాయ మహిమ అంటారు వాళ్లు. ఇంక వాళ్లతో ఏం వాదిస్తాం.

అలాంటివాణ్ణి కూర్చుని ఇది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఇంకొకరు చెబితే నేనైతే ఇంకా గట్టిగా నవ్వేవాణ్ణి.

మాది ఎమ్మిగనూరు. నేత పని చేసే ఇల్లు. గుంట మగ్గం చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. నేలలో గుంత తవ్వి ఉంటుంది. నేసేవాడు దాని అంచున కూర్చుని రెండు కాళ్లూ లోపలికి దించుతాడు. లోపల రెండు చెక్కపలకలుంటాయి. ఒకటి మార్చి ఒకటి తొక్కుతుంటే పైన పరిచిన పడుగు దారాలు విడిపోతాయి, వాటి మధ్య చేత్తో అడ్డదారం పంపిస్తాడు. పొద్దున దించిన కాళ్లు అన్నానికి తీస్తారు, తిని మళ్లీ దించుతారు. చిన్నప్పుడు మా నాయన అంటే నాకు నడుము పైనుంచే గుర్తు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. మగ్గం మీద గుడ్డ సగంలో ఉండగా మనిషి పోతే, దినాలు అయ్యేలోపల కొడుకు అదే గుంతలో కూర్చుని మిగతాది నేసి, కోసి తీయాలి. చివర్లో ఇంటి ఆడమనిషి చెయ్యి అందించి వాణ్ణి పైకి లేపుతుంది. దాన్ని మావాళ్లు 'కాళ్లు తీయడం' అంటారు. అప్పటిదాకా పోయినవాడి కాళ్లు గుంతలోనే ఉంటాయని నమ్మకం.

మా నాయన పన్నెండేళ్ల కిందట పోయాడు. మగ్గం మీద సగం దుప్పటి ఉంది. నేను ఒక్కడే కొడుకును. నేను కాళ్లు తీయలేదు.

తీయలేక కాదు, కోపంతో తీయలేదు. నాకు పదేళ్లప్పుడు నన్ను బడి మాన్పించి ఏడాది పాటు ఆ గుంతలో కూర్చోబెట్టాడు మా నాయన. వీధిలో పిల్లలు ఆడుకునే గోల వినిపిస్తుండేది. లేస్తానంటే, "ఇంగ జానెడే గదప్పా, అయినంక లేద్దువు" అనేవాడు. ఆ జానెడు అయ్యాక ఇంకో జానెడు. ఒక టీచరమ్మ ఇంటికొచ్చి పోట్లాడి నన్ను మళ్లీ బడిలో వేయించింది. ఆమె రాకపోయుంటే నేనూ నడుము పైనుంచే మిగిలేవాణ్ణి.

అందుకని ఆయన పోయిన నాలుగో రోజు కత్తెర తీసుకుని పడుగు కత్తిరించి పారేశాను. ఇల్లు అద్దెకివ్వాలి కదా అని గుంతలో కంకర పోసి సిమెంటు నేనే కలిపి పోశాను. లోపలి పలకలు కూడా తీయలేదు. అమ్మ గడపలో నిలబడి చూసింది.

"కాళ్లు తీయకుండానే పూడ్చినావు కదప్పా" అంది.

నేను తలెత్తలేదు, పారతో సర్దుతూనే ఉన్నాను. నాయన పోయినందుకు నా కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. అమ్మను మాతోపాటు ఆదోనికి తీసుకొచ్చేశాను.

ఇదంతా జరిగాక మూడేళ్లకు నా కూతురు హాసిని పుట్టింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కల కిందటేడాది పత్తి సీజనులో మొదలైంది. నాకు రాత్రి షిఫ్టు, పగలు నిద్ర. నిద్ర సుఖమెరుగదంటారు, నేను దూది బేళ్ల మధ్య కూడా పడి నిద్రపోయే రకం. అలాంటిది పడుకోవాలంటేనే భయం పట్టుకుంది.

కలలో నేను గుంతలో కూర్చుని ఉంటాను. పైనుంచి ఎవరో సిమెంటు పోస్తుంటారు. మొహం కనిపించదు, చెప్పులు కనిపిస్తాయి. ఎడమ చెప్పు పట్టీ తెగితే రాగితీగతో కట్టి ఉంటుంది. అవి నావే, ఆ రోజు వేసుకున్నవి. సిమెంటు ముందు చల్లగా తగులుతుంది, తర్వాత వేడెక్కుతుంది, తర్వాత బిగుస్తుంది. మోకాళ్ల దగ్గర బిగిశాక కాళ్లు నావి కావు. అరుద్దామంటే గొంతు రాదు. రోజూ ఇదే కల, ఒక్క ముక్క తేడా లేకుండా.

డాక్టరు దగ్గరికి పోయాను. మనసులో దాచిన దుఃఖమో కోపమో ఉంటే అది కలలో బయటపడుతుందన్నాడు. మీ నాన్నగారి గురించి చెప్పండి అన్నాడు. చెప్పడానికేం లేదు సార్ అన్నాను. నిద్రమాత్రలు రాశాడు. అవి వేసుకుంటే ఇంకా ఘోరం, మధ్యలో మెలకువ కూడా రాదు.

మా మిల్లు సూపర్‌వైజరు ఫోనులో ఒక వీడియో చూపించాడు. కలను మన అదుపులోకి తెచ్చుకోవచ్చట. కలలో ఉన్నామని కలలోనే తెలుసుకోవాలి, అంతే. దానికొక ఉపాయం చెప్పాడు ఆ వీడియోలో మాట్లాడినాయన. కలలో లైటు స్విచ్చు నొక్కితే లైటు వెలగదట. మెలకువగా ఉన్నప్పుడు కనిపించిన ప్రతి స్విచ్చూ నొక్కి, 'ఇది కలా?' అని మనల్ని మనం అడుగుతుంటే, ఆ అలవాటు కలలోకి కూడా వస్తుందట.

స్విచ్చులు నొక్కడం నాకొకరు నేర్పాలా. మూడు వారాలు మిల్లులో, ఇంట్లో, టీ అంగట్లో కూడా నొక్కాను. మా ఆవిడ సరళ చూసి చూసి, "ఏందబ్బా, కలలకు గూడా వైరింగు చేస్తాండావా" అంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కలలో సిమెంటు మోకాళ్లకు వస్తుండగా గోడ మీద స్విచ్చు కనిపించింది. నేనే బిగించిన పాత నల్ల స్విచ్చు. చెయ్యి చాపితే అందింది. నొక్కాను. బల్బు వెలగలేదు. ఇది కల అని తెలిసిపోయింది. 'ఇది నా కల, నేను లేస్తున్నాను' అనుకుని కాళ్లు లాగాను. పెరుగులోంచి వేలు తీసినంత సులువుగా వచ్చేశాయి. గుమ్మం దాటి వీధిలోకి నడిచాను, మెలకువ వచ్చింది. మంచం మీద కూర్చుని గట్టిగా నవ్వాను. ఆ సాయంత్రం అందరికీ ఉగ్గాని, బజ్జీ తెప్పించాను. మోటారు బాగైనంత గర్వంగా ఉండింది.

ఆ కల నాకు రావడం మానేసింది.

హాసినికి అప్పుడు తొమ్మిదో ఏడు. ఆ ఆదివారం రాత్రే అది నిద్రలో బిగుసుకుపోయిందని సరళ చెప్పింది. జ్వరమేమో అనుకున్నాం. మరుసటి రాత్రీ అంతే, ఆ మరుసటి రాత్రీ అంతే. నేను మిల్లులో ఉంటాను కాబట్టి చూడలేదు. నాలుగో రోజు నా ఎదుటే, బడి నుంచి వచ్చి పడుకున్న పిల్ల కళ్లు తెరిచింది కానీ లేవలేదు. కాళ్లు పట్టుకుంటే కట్టెల్లా ఉన్నాయి.

"కాళ్లు రాలేదు నాన్నా. గుంతలో ఇరుక్కొనుండాయి" అంది.

ఏ గుంత అని అడిగాను. చెప్పింది. కింద రెండు చెక్కలున్నాయంది. ఎడమ చెక్క విరిగితే నీలం వైరు చుట్టి కట్టినారంది. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఆ పలకకు నీలం వైరు చుట్టింది నేనే. పిల్ల పుట్టడానికి మూడేళ్ల ముందే ఆ గుంతను పూడ్చేశాను. వైరు సంగతి సరళకు తెలియదు, అమ్మకూ తెలియదు, నాకే గుర్తు లేదు.

పైన ఎవరున్నారమ్మా అన్నాను.

పిల్ల నా మొహం వైపు చూడలేదు. "చెప్పులు నీవే" అంది.

అక్కడి నుంచి నా ఇల్లు నాకు కాకుండా పోయింది. నేను గదిలోకి వస్తే హాసిని లేచి వాళ్లవ్వ వెనక్కి పోయేది. నేను తినిపిస్తే తినేది కాదు. నిద్రపోతే కల వస్తుందని రాత్రంతా కళ్లు తెరుచుకుని కూర్చునేది, బడిలో బెంచీ మీద పడిపోయేది. టీచరు ఫోను చేసి ఇంట్లో ఏమైనా గొడవలా అని అడిగింది. నన్ను చూసి నా బిడ్డ వణకడం కంటే నాకు చావు నయమనిపించింది.

నా ఉపాయం దానికీ నేర్పాలని చూశాను. గోడ మీద స్విచ్చు ఉంటుంది చూడు, నొక్కు, లేచొస్తావు అని తలుపు బయట నిలబడి చెప్పాను.

"ఆడ స్విచ్చు లేదు నాన్నా" అంది లోపలి నుంచి. "గోడే లేదు. నువ్వొక్కడివే ఉండావు."

చివరికి అమ్మనే అడిగాను. అడగడానికి నాకు నామోషీగానే ఉండింది. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"నీది నువ్వు వద్దని పారేస్తివి. అది యాడికో ఒకాడికి పోవాల గదప్పా" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు.

మర్నాడు పొద్దున్నే షిఫ్టు దిగి అటునుంచటే ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఇంట్లో గోనెగండ్ల నుంచి వచ్చిన దంపతులు అద్దెకుంటున్నారు. వైరింగు చూడాలని అబద్ధం చెప్పి నేల పగలగొట్టాను. కంకరంతా తోడేసరికి మధ్యాహ్నమైంది. పలకలున్నాయి, నీలం వైరు ఉంది. రంగు కూడా పోలేదు.

తీసి పారేద్దామని గుంతలోకి దిగి, ఒక్క నిమిషం అంచున కూర్చున్నాను. పాదాలు వాటంతటవే పలకల మీదికి పోయాయి. ఏళ్ల తరబడి తొక్కి తొక్కి చెక్కలో బొటనవేలి దగ్గర, మడమ దగ్గర గుంటలు పడి ఉన్నాయి. నా పాదాలు వాటిలో సరిగ్గా కూర్చున్నాయి. మా నాయనను కూడా పదేళ్లప్పుడు ఎవరో ఇక్కడ కూర్చోబెట్టి ఉంటారు. జానెడు జానెడు అని చెప్పి ఉంటారు. ఆయన కోసం ఏ టీచరమ్మా వచ్చి ఉండదు. ఈ సంగతి నాకు అంతవరకు ఒక్కసారి కూడా తట్టలేదంటే సిగ్గేస్తోంది. పన్నెండేళ్ల ఏడుపు అక్కడ వచ్చింది. అద్దెకున్నామె నీళ్లు తెచ్చి చేతికిచ్చి, ఏమీ అడగకుండా పోయింది.

పడుగు లేదు, నేయడానికేం లేదు. అమ్మ కూడా వెంట లేదు. ఎవరూ చెయ్యి అందించకుండా నేనే లేచి బస్సెక్కాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి పడుకుంటే కల తిరిగి నా దగ్గరికే వచ్చింది. సిమెంటు, చెప్పులు, బిగుసుకోవడం, అన్నీ మామూలే. స్విచ్చు గోడ మీదే ఉంది. నేను నొక్కలేదు. ఆ రాత్రి హాసిని తెల్లారేదాకా కదలకుండా నిద్రపోయింది. లేచి, ఆకలేస్తోందని రెండు జొన్నరొట్టెలు తింది.

ఎంతైనా ఎలక్ట్రీషియన్‌ని, పరీక్షించకుండా ఉండలేను. పది రోజుల తర్వాత ఒకసారి భరించలేక స్విచ్చు నొక్కి లేచి వచ్చేశాను. ఆ రాత్రి పిల్ల మళ్లీ బిగుసుకుపోయింది. యాదృచ్ఛికం అనొచ్చు మీరు. ఇంకోసారి నొక్కి చూసే ధైర్యం నాకు లేదు.

తండ్రి మీద దిగమింగిన కోపం కలయి వచ్చిందంటే ఒప్పుకుంటాను, డాక్టరు మాట నిజమే. కలను అదుపు చేయొచ్చన్నదీ నిజమే, చేసి చూశాను. కానీ నా తలలోని కల, నేను ఎవరికీ చెప్పని వైరుతో సహా, పక్క గదిలోని పిల్ల తలలోకి ఏ తీగ మీద పోయింది? పద్దెనిమిదేళ్ల అనుభవం పెట్టి ఆలోచించాను. నాకు తెలియలేదు. తెలిసినవాళ్లుంటే చెప్పండి, మీ కాళ్లకు మొక్కుతాను.

ఏడిస్తే కోపం పోయింది గానీ కల పోలేదు. సీజను అయిపోయి ఇప్పుడు పగటి డ్యూటీ. కల మాత్రం రోజూ వస్తుంది. మొదట్లో సిమెంటు మోకాళ్లకు వచ్చేది, తర్వాత నడుముకు వచ్చింది. ఈ వారం రొమ్ము మీదికి వస్తోంది. ఊపిరి పట్టేస్తుంది. స్విచ్చు ఇప్పటికీ చేతికందే దూరంలోనే ఉంది.

పొద్దుపోయింది, పడుకోమని సరళ ఇప్పుడే పిలిచింది. లోపల హాసిని వాళ్లవ్వ మీద కాలేసి నిద్రపోతోంది. నేనూ పోయి పడుకోవాలి.