అడగకుండా చెప్పిన సాక్ష్యం

ఆ ఆదివారం మైకు పట్టుకోకముందు సెలీనా నాతో ఒక్క మాట అని ఉంటే, కొంగు పట్టి లాగి నేనే కూర్చోబెట్టేదాన్ని. అనలేదు. పాట అయిపోగానే లేచి ముందుకు నడిచి, "సంఘమంతటికీ వందనాలండి, చిన్న సాక్ష్యం" అంది. మా చర్చిలో దేవుడు చేసిన మేలు చెప్పుకోవడానికి లేచి చిన్న సాక్ష్యం అన్నవాళ్లెవరూ చిన్నగా ముగించిన పాపాన పోలేదు. సెలీనా మాత్రం నిజంగానే నాలుగు ముక్కలు చెప్పింది. ఆ నాలుగు ముక్కల్లోనే కొంప ముంచుకుంది.

"దేవుడు నాకు పుణెలో ఉద్యోగం ఇచ్చాడండి. ఏడాదిగా మీరందరూ ఉపవాసాలుండి చేసిన ప్రార్థన వృథా పోలేదు. జూన్‌లో నేనూ జాయ్స్ అక్కడికి వెళ్లిపోతున్నాం. మా కోసం ప్రార్థించండి."

హాలంతా "దేవునికి స్తోత్రం" అని మోగిపోయింది. నేనూ అన్నాను, అబద్ధమెందుకు. అని, అలవాటుగా కీబోర్డు వైపు చూశాను. సాక్ష్యం అవగానే ఒక చరణం వాయించడం సెలీనా కూతురు జాయ్స్ పని. పిల్ల వాయించలేదు. చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి, మొహంలో నెత్తురు చుక్క లేదు. తాను పుణె పోతున్న సంగతి ఆ పదహారేళ్ల పిల్లకు మా అందరితో పాటు అప్పుడే తెలిసిందని నాకు అర్థమైపోయింది.

నేను దీనమ్మను. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యాను. మియాపూర్‌లో మా ఇంట్లో కింద నేనుంటాను, పైన తల్లీ కూతుళ్లు కిరాయికి ఉంటారు. నాకు నోరెక్కువని సంఘంలో అంటుంటారు. అననీ. నోరు లేని నర్సు మాట వార్డుబాయ్ కూడా వినడు.

సెలీనాది తెనాలి దగ్గర. పెళ్లయి డేవిడ్‌తో హైదరాబాద్ వచ్చింది. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేది. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడమట ఆ పని. "తప్పులు వెతికితే జీతమిస్తరా? మా అత్త జీవితమంతా ఊరికెనే చేసె" అని నేనొకసారంటే పడీ పడీ నవ్వింది. అప్పట్లో అలా నవ్వేది. కరోనా రెండోసారి ఊళ్లమీద పడ్డప్పుడు డేవిడ్ పోయాడు. చందానగర్ ఇల్లు వదిలి నిజాంపేటలో చిన్న ఇంటికి మారింది. అక్కడ ఓనరు కొడుకు పెళ్లని ఖాళీ చేయమంటే మా ఇంటికొచ్చింది. ఇల్లు మారినప్పుడల్లా పిల్లకు స్కూలూ మారింది. ఇదంతా మింగుకుని మనిషి నిలబడింది. పోయినేడాది మాత్రం ఆ కంపెనీవాళ్లు ఒక మధ్యాహ్నం పిలిచి, మీరు చేసే పని ఇకనుంచి మిషనే చేసుకుంటుందని చెప్పి ఇంటికి పంపేశారు.

ఆ తర్వాత సెలీనాను చూస్తే నాకు భయమేసేది. ఇంటర్వ్యూలన్నీ డాబా మీద నిలబడే ఇచ్చేది, కింద సిగ్నల్ సరిగ్గా రాదని. అవతలివాడు తన తమ్ముడి వయసువాడైనా సరే, నవ్వు మొహం పెట్టుకుని ఇంగ్లీషులో జవాబులు చెప్పేది. ఫోన్ పెట్టేశాక పిట్టగోడ పట్టుకుని అలాగే ఉండిపోయేది. తిండి తగ్గింది, మాట తగ్గింది. ఆ ఉద్యోగం ఆమెకు ఎంత కావాలో నాకంటే బాగా ఎవరికి తెలుసు!

అయినా తప్పు తప్పే. ఆరాధన అయ్యాక అందరూ ఆమె చుట్టూ చేరి చేతులు కలుపుతుంటే, నేను రెక్క పట్టుకుని మంచినీళ్ల క్యాన్ దగ్గరికి లాక్కెళ్లాను.

"ఏందే సెలీనా, గిదేం పని? పిల్లకు చెప్పకుండ మైకుల చెప్తవా?"

సెలీనా తల దించుకుంది. "నిన్న సాయంత్రమే ఆఫర్ వచ్చిందండి. ఇంట్లో చెబితే వద్దంటుంది. చర్చిలో చెబితే అందరితో పాటు ఆమెన్ అంటుందనుకున్నానండి."

"అన్నదా మరి?"

"లేదండి."

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల నోరు కట్టెయ్యడానికి దేవుణ్ణి వాడుకుంటారా ఎవరైనా? దానికి తోడు మా పాస్టరు మోషే అయ్యగారు మంచి హుషారు మీదున్నారు. బుధవారం సాయంత్రం సెలీనా ఇంట్లో కృతజ్ఞతా కూడిక అని అప్పటికప్పుడే ప్రకటించేశారు.

బుధవారం దాకా పై ఇంట్లోంచి కుక్కర్ కూత తప్ప చప్పుడు లేదు. నన్ను అమ్మమ్మా అని పిలిచే జాయ్స్ తిండికి కిందికొచ్చేది. అన్నం కెలుకుతూ కూర్చునేది.

"నేను పోను అమ్మమ్మా" అంది.

"ఇంటర్ రెండో సంవత్సరం ఆడ చదువుకుంటే ఏమైతదే?"

"అక్కడ బోర్డు వేరే, సిలబస్ వేరే. అయినా అది కూడ కాదు." పిల్ల కంచం పక్కకు నెట్టింది. "నాన్న పోయినంక ఇల్లు మార్చింది, నన్ను అడగలే. నిజాంపేటల ఒక్క ఫ్రెండ్ దొరికిందనుకునేసరికి మళ్ల మార్చింది. అప్పుడూ అడగలే. ఇప్పుడు మొత్తం చర్చికి చెప్పింది, నాకు చెప్పలే. నేనేమన్న సామానా, బండిల ఎక్కించనీకి?"

కంచం మళ్లీ దాని ముందుకు జరిపి "ముందు తిను" అన్నాను.

పైకి వెళ్లి సెలీనాను కూడా కూకలేశాను, పిల్లతో మాట్లాడమని. "రేపు మాట్లాడతానండి" అనేది. మర్నాడు అడిగితే మళ్లీ రేపే. దేశంలో ఉన్న కంపెనీలన్నిటికీ జవాబు చెప్పిన మనిషి, కూతురి గది తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి రావడం నా కళ్లతో చూశాను.

బుధవారం వచ్చింది. సోఫా పక్కకు జరిపి చాపలు పరిచాం. ఇల్లు నిండిపోయింది. జాయ్స్ వచ్చి గోడకానుకుని కూర్చుంటే, సద్దుమణిగిందిలే అనుకున్నాను. పాటలయ్యాయి. దేవుడు కదలమన్నప్పుడు కదలడమే విశ్వాసమని అయ్యగారు వాక్యం చెప్పారు. చెప్పి, "ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా?" అన్నారు.

మా దగ్గర ఒక పద్ధతుంది. చిన్నవాళ్లు కానీ పెద్దవాళ్లు కానీ, మనవి చెప్పారంటే అయ్యగారు దాన్ని అందరి ముందూ ప్రార్థనలో పెట్టాల్సిందే. కాదనే హక్కు ఆయనకు కూడా లేదు. ఒకామె మోకాళ్ల నొప్పి చెప్పింది, ఒకాయన కొడుకు తప్పిన సబ్జెక్టులు చెప్పాడు. అప్పుడు జాయ్స్ లేచింది.

"నాదొక మనవి. మా అమ్మకొచ్చిన పుణె జాబ్ పోవాలె. అందరు ప్రార్థన చేయండి."

అందరూ సెలీనా వైపు తిరిగారు. చెవులు సరిగ్గా వినపడని బాలమ్మ మాత్రం వెనకనుంచి అలవాటు చొప్పున "ఆమెన్" అంది. ఎవరికీ నవ్వు రాలేదు.

సెలీనా లేచి నిలబడింది. "జాయ్స్! కూర్చో."

"ఎందుకు? నువ్వు చెప్తే మనవి, నేను చెప్తే కాదా?"

"నోర్ముయ్! ఈ ఏడాదిలో నేనెంత ఏడ్చానో నీకేం తెలుసే?"

"తెలుసు. గోడ అవతలనే ఉంట కద. ఒక్కరోజన్న నా దగ్గరికొచ్చి ఏడ్చినవా?"

సెలీనా చెయ్యి పైకి లేచింది. నా మోకాళ్ల సంగతి మర్చిపోయి ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడ్డాను. పాపం అయ్యగారు రుమాలుతో మొహం తుడుచుకున్నారు. "సరే, ఇద్దరి మనవులూ దేవుని చేతికి అప్పగిద్దాం. అందరం కళ్లు మూసుకుని..."

"జర ఆగండి అయ్యగారూ" అన్నాను. "ఒకరు ఇయ్యమంటరు, ఒకరు గుంజుకోమంటరు. నడుమ దేవుణ్ణెందుకు పరేషాన్ చేసుడు? వీళ్లిద్దరు ఇంక ఒకరితోనొకరు మాట్లాడుకోనే లేదు. లేవండి, అందరు లేవండి. సమోసాలు చేతుల పట్టుకొని ఇండ్లకు పోండి."

బాలమ్మది తప్ప మరో ఆమెన్ లేకుండా మా సంఘంలో ముగిసిన కూడిక అదొక్కటే. అయ్యగారు పెద్దమనిషి, అందరికంటే ముందు ఆయనే చెప్పులేసుకున్నారు.

నేనూ కిందికి వెళ్లబోతే జాయ్స్ నా చెయ్యి వదల్లేదు. చాపకు ఆ చివర తల్లి, ఈ చివర కూతురు, కూతురి పక్కన నేను. ముందు సెలీనాయే అంది.

"నాకు భయమేసింది జాయ్స్. నీకు చెబితే వద్దంటావు. నువ్వు వద్దంటే నేను ఈ ఉద్యోగం వదిలేస్తాను. వదిలేసి, ఇక జన్మంతా నిన్ను లోపల్లోపల తిట్టుకుంటానేమోనని భయమేసింది."

కన్నతల్లి కూతురి మొహం మీద అనాల్సిన మాటేనా అది! జాయ్స్ ఉలిక్కిపడి తల్లిని చూసింది. కానీ కోపం చెయ్యలేదు. ఏడాది తర్వాత తల్లి తనతో చెప్పిన మొదటి నిజం అదేనేమో.

"అయితే ఇప్పుడన్న అడుగు" అంది.

"నాతో పుణె వస్తావా?"

"రాను."

సెలీనా తలూపింది. కళ్లు తుడుచుకుంది. "మరి నేను వెళ్లనా?" అంది.

ఆ మాటకు పిల్ల సిద్ధంగా లేదు. బలవంతం చేస్తే ఎలా ఎదిరించాలో తెలుసు, బతిమాలితే ఏమనాలో తెలుసు. తల్లే తనను అనుమతి అడుగుతుందని కలలో కూడా అనుకుని ఉండదు. నా వైపు చూసింది. నేను నోరు మూసుకున్నాను, నా జీవితంలో అరుదుగా చేసే పని.

"నన్నెందుకు అడుగుతున్నవ్?" అంది.

"అడగమన్నావుగా."

"పో. నువ్వు పో అమ్మా. ఇంట్ల ఉంటే నువ్వు మంచిగ ఉంటలేవు. నాకు కనబడదా?" అని బావురుమంది. సెలీనా చాప మీద పాక్కుంటూ వచ్చి దాన్ని ఒళ్లోకి లాక్కుంది. ఇద్దరూ ఏడుస్తుంటే నేనేమన్నా రాయినా? నేనూ ఏడ్చాను.

"మరి ఇదెక్కడుంటుందండి?" అంది సెలీనా ముక్కు చీదుతూ.

"నా ముందల కూసొని ఎక్కడుంటదని అడుగుతున్నవా? కింద నా ఇల్లు కండ్లకు ఆనుతలేదా?" అని కసిరాను. అలా తేలింది.

మే నెలంతా ఇద్దరూ మాట్లాడుకున్నారు, పోట్లాడుకున్నారు కూడా. జాయ్స్ మంచం మా కింది గదిలోకి వచ్చింది. పిల్ల గెలిచినదానిలా ఇల్లంతా తిరిగేది. తల్లి సూట్‌కేసు తానే సర్దింది. "అమ్మా, అక్కడ మన హైదరాబాద్ హిందీ మాట్లాడకు, నవ్వుతరు" అని పాఠాలు చెప్పేది. సెలీనా మొహంలోకి పాత కళ వచ్చింది. పుణె రమ్మన్న మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

బయలుదేరే సాయంత్రం ముంబై రోడ్డు మీద ట్రావెల్స్ బస్సు కోసం ముగ్గురం నిలబడ్డాం. బస్సు వచ్చింది. సామాను కింద డిక్కీలోకి ఎక్కించారు. సెలీనా నా రెండు చేతులూ పట్టుకుని, "మీదే భారమండి" అంది. కూతురి నుదుటి మీద ముద్దు పెట్టింది. జాయ్స్ కర్రలా నిలబడి, "చేరినంక లొకేషన్ పెట్టు" అంది. సెలీనా మెట్టెక్కి వెనక్కి తిరిగింది. ఏదో అనబోయింది. పెదవులు కదిలాయి కూడా. "గ్యాస్ కట్టేయడం మర్చిపోకు" అని లోపలికి వెళ్లిపోయింది.

బస్సు చందానగర్ వైపు కదిలింది. అది కనపడినంతసేపూ జాయ్స్ చెయ్యి ఊపుతూనే ఉంది. తర్వాత ఉన్నపళంగా ఫుట్‌పాత్ మీద కూలబడింది.

"అమ్మమ్మా, ఇంకొక్కసారి రమ్మంటదనుకున్న."

"అంటే?" అన్నాను.

"ఎక్కేదాన్ని."

"ఓసి నీ పాసుగాల! మరి ఆ ముక్క మీ అమ్మ బస్సెక్కకముందే చెప్పొద్దా?" సంచిలో ఫోన్ కోసం వెతికాను. "ఇంక సిగ్నల్ కాడనే ఉంటది. ఆపిస్త, ఉండు."

జాయ్స్ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"వద్దమ్మమ్మా. చెప్తే దిగిపోతది. దిగితే మళ్ల ఎక్కదు."