ఈ ఒక్క సీజను

మొన్న మా వీధిలో ఎవరో కొత్త కారు కొన్నారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, బండిని ముందుకు నడిపి, చప్పట్లు కొట్టారు. ఒకప్పుడైతే గేటు దాకా వెళ్లి, ప్రాణం కాపాడేది బ్రేకులేగానీ నిమ్మరసం కాదని ఉపన్యాసం ఇచ్చి వచ్చేవాణ్ణి. ఈసారి కిటికీ దగ్గరే నిలబడిపోయాను. నలిగిన కాయల వాసనకు మా మేనకోడలు కారు పందేలకు దిగిన ఏడాది గుర్తుకొచ్చింది.

అక్కా బావలది తిరుపతి. బావ గుడి ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఎప్పుడూ పచ్చకర్పూరం వాసన. వాళ్ల ఒక్కగానొక్క కూతురు శ్రీసిటీ ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆ పిల్ల మద్రాసు దగ్గరి ట్రాకులో కార్ల పందేలకు పేరిచ్చింది. అవి విమానాల్లా ఉండే వింత బండ్లు కావు. షోరూంలో మనం కొనుక్కునే కారునే తీసుకుని, వెనక సీట్లు పీకేసి, లోపల ఇనుప గొట్టాల పంజరం బిగించి పరుగెత్తిస్తారు. అక్కకు అదే మరింత భయం. "ఏరోప్లేను మాదిరుంటే ఏమో అనుకోవచ్చు. ఇది మన ఎదురింటి డాక్టరు కారే కదరా! ఆయప్ప సందు తిప్పేదానికే గోడకు గీకినాడు" అనేది.

చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది: ఈ ఒక్క సీజనే, ఆ తరువాత పందెమన్న మాటే ఎత్తకూడదు. పిల్ల సరేనంది. ఆ 'సరే' అన్నప్పుడు వాడిన దాని మొహం చూసిన నేను ఏడాదంతా దాని తరఫు వకీలునయ్యాను. చిత్తూరు నుంచి వెళ్లినప్పుడల్లా హెల్మెట్టు గురించి, పంజరం గురించి, భుజాలమీదుగా బిగించే బెల్టుల గురించి చెప్పేవాణ్ణి. సెల్లు చెవిలో పెట్టుకుని ఘాట్ రోడ్డు దిగే జీపుకన్నా ఆ ట్రాకే నయమనేవాణ్ణి. హేతువాద సభల్లో పీఠాధిపతులకు జవాబు చెప్పిన నా తర్కం అక్క వంటింటి గడప దాటలేకపోయింది. "నీ వాదన నాకెందుకురా? అది నవ్వతా ఇంటికొస్తే సాలు" అంటూ ప్రతి పందేనికీ సంచీడు నిమ్మకాయలు కట్టిచ్చేది. కారులో వదులుగా ఏ వస్తువూ ఉండకూడదని ట్రాకు తనిఖీవాళ్ల నియమం. చక్రాల కింద పెడదామంటే టైర్లు జారతాయని మెకానిక్కులు ఒప్పుకోరు. అందుకని ఉప్పేసి షర్బత్తు చేసుకుని అందరూ తాగేవాళ్లు. "అమ్మ నిమ్మకాయలు బాగా పనిచేస్తాండాయి మామా, ఒక్కరికీ వడదెబ్బ తగల్లేదు" అనేది పిల్ల. అక్కకు చెప్పకూడదని నాచేత ఒట్టేయించుకుంది. ఒట్లను నమ్మని నేను ఆ ఒక్కదాన్నీ నిలబెట్టుకున్నాను.

చివరి పందెం రోజున నేను అక్కావాళ్లింట్లోనే ఉన్నాను. బావ ఫోను ముక్కుదాకా తెచ్చుకుని ఫలితాలు చూస్తున్నాడు. పిల్ల పేరు పక్కన 'రిటైర్డ్' అని వచ్చింది. బావకు ఆ మాటకు తెలిసిన అర్థం ఒక్కటే: దండ, శాలువా, మర్నాటినుంచి ఇంట్లో కూర్చోవడం. "ఏమే, నీ మాటే గెల్చింది! పాప రిటైరైపోయిందంట. ఇంక పందేలకు పోదు!" అని కేకేశాడు. పందేల భాష తెలియని నేనూ నిజమేననుకున్నాను.

అక్క గరిటెతోనే బయటికొచ్చింది. సంతోషిస్తుందనుకున్నాను. "ఎవురు మానమన్నారు దాన్ని?" అంది.

"నువ్వే గదా!" అన్నాడు బావ.

"నేనంటే? ఏ పొద్దు ఇనింది అది నా మాట? ఇప్పుడెందుకు ఇనాల?" గరిటెలోంచి చారు నేలమీద కారుతోంది. "పోయిన వారం అన్నం తింటా తింటా, మలుపు ఎట్ల తిప్పినాదో పళ్లెంలో వేలితో గీసి సూపించింది. దాని మొహంలో అంత వెలుగు నేనెప్పుడు సూసినాను? దాన్ని మాన్పించింది నేనేనా?" అని అక్కడే కూలబడి ఏడ్చింది.

ఫోను మోగింది. పిల్లే. బావ చేతిలోంచి అక్క లాక్కుంది. "ఏమ్మే, ఎందుకు మానేసినావు?"

"మానేసేదేందమ్మా? క్లచ్చు పోయింది. పందెం మధ్యలో బండి నిలబడిపోతే రిటైర్డని రాస్తారు. నాయన ఏం సెప్పినాడు నీకు?"

బావ కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అక్క ముక్కు ఎగబీల్చి, ఎప్పటి గద్దింపు గొంతు తెచ్చుకుంది. "సరే, ఆ క్లచ్చేందో బాగుచేయించుకో. వచ్చే సీజన్లో ముందే సెప్పు. నేనూ వస్తా."

"ఆడ శబ్దం ఎక్కువగా ఉంటాదమ్మా" అంది పిల్ల.

"నువ్వు పుట్టినప్పుడు సేసిన దానికంటేనా?" అంది అక్క.

ఏడాది పొడుగునా నేను కదిలించాలని చూసిన మనసు ఎప్పుడు కదిలిందో అక్కకే తెలియదు. కాలం తన పని చప్పుడు లేకుండా చేసుకుపోతుంది. మనకు ఆ కబురు అందేది ఎప్పుడో, ఒక్కోసారి పొరపాటున.