బాబాయి పరీక్షించిన పొడి

మా బాబాయి మనుషుల్ని నమ్మడు. పోనీ వస్తువుల్నైనా నమ్ముతాడా అంటే అదీ లేదు. కొట్టువాడు తూచి ఇచ్చిన వంకాయల్ని ఇంటికొచ్చి మళ్ళీ తూస్తాడు. ఆ తర్వాత మా తక్కెడ మీదే ఆయనకి అనుమానం వస్తుంది.

ఎండిన ఆకుల్లోంచి సారం తీసి, షుగర్ ఉన్న ఎలుకలకి పట్టించి, రక్తంలో చక్కెర ఎంత తగ్గిందో చూడటం ఆయన ఉద్యోగం. ల్యాబ్‌లో ఆయన్ని భూతద్దం అంటారు, ఎదురుగానే.

ఆ ఏడాది ఒక మూలికల వ్యాపారి తన ఆకుపొడిని మూడు విడతలుగా పరీక్షకి పంపాడు. మూడుసార్లూ చక్కెర ఒకే లెక్కన తగ్గింది. ల్యాబ్‌లో అందరూ చంకలు గుద్దుకున్నారు. బాబాయికి మాత్రం ముద్ద దిగలేదు.

“వానల్లో కోసిన ఆకూ, మండుటెండల్లో కోసిన ఆకూ ఒకేలా ఎలా పనిచేస్తాయే? ఎక్కడో తేడా కొడుతోంది,” అన్నాడు నాతో. నాకు చిరాకేసింది. మందు పనిచేసినా ఏడుపేనా ఈయనకి?

అప్పుడే ఇంట్లో ఇంకో గొడవ మొదలైంది. బాబాయి వాళ్ళక్క, అంటే మా అత్తయ్య, మాతోనే ఉంటుంది. పదేళ్ళుగా షుగర్. ఈమధ్య పదకొండయ్యేసరికి చెమటలు, వణుకు. ఒకరోజు వంటింట్లోనే కూలబడింది. మిషన్‌తో చూస్తే చక్కెర యాభైకి పడిపోయింది. ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కదని డాక్టరమ్మ మమ్మల్ని చెడామడా తిట్టింది.

అత్తయ్య మాత్రలు రెండేసి మింగుతోందని బాబాయి అనుమానం. లెక్కపెడితే సరిపోయాయి. తిండి మానేస్తోందన్నాడు. పక్కన కూర్చుని తినిపిస్తోంది నేనే. చివరికి ఆమె అలమరా వెతికాడు. సొంత అక్క అలమరా! నాకు ఒళ్ళు మండిపోయింది.

బట్టల వెనక ఒక డబ్బా దొరికింది. ఆ వ్యాపారి పొడే. మూత మీద బాబాయి వాళ్ళ ల్యాబ్ పేరు, దాని కింద ‘ఇక్కడ పరీక్షించినది’ అని.

ఆ రోజే ఆయన ల్యాబ్‌లో ఆ పొడి సారాన్ని ఒక చుక్క, అత్తయ్య వేసుకునే మాత్ర కరిగించి ఒక చుక్క పూత పూసిన గాజు పలక మీద పక్కపక్కన పెట్టి, పలక కింది అంచుని ద్రావకంలో ఉంచాడు. ద్రావకం పైకి పాకుతూ చుక్కల్లోని పదార్థాల్ని మోసుకెళ్తుంది; ఏ పదార్థమైనా దాని ఎత్తుకి అది పాకి ఆగుతుంది. పొడిలోంచి ఒక మచ్చ సరిగ్గా మాత్ర మచ్చ పక్కనే ఆగింది. ల్యాబ్‌కి పంపిన మూడు విడతల్లోనూ అదే మచ్చ. ఆకుపొడిలో మాత్రలు నూరి కలిపారు. అత్తయ్య తనకే తెలియకుండా రెండింతల మందు మింగుతోంది.

ఇంటికొచ్చి కేకలేశాడు. “ఎవడో అమ్మితే నమ్మేయడమేనా అక్కా?”

అత్తయ్య తగ్గలేదు. “ఎవణ్ణో నమ్మానా? దేన్ని చూసినా అనుమానిస్తావని దాచాను గానీ, నీ ల్యాబ్ పేరు చూసే కొన్నాను. పరీక్ష చేసేది నువ్వేగా. నిన్ను కూడా అనుమానించమంటావురా?”

ఆ రాత్రి బాబాయి కలిపిన అన్నాన్నే కలుపుతూ కూర్చున్నాడు. మొదటిసారి నాకు ఆయన్ని చూస్తే జాలేసింది.

రిపోర్టు ఇస్తే, విచారణ అయ్యేదాకా నోరు మెదపొద్దన్నాడు పై అధికారి. మర్నాడు పొద్దున వ్యాపారి షాపు తెరిచేసరికి బాబాయి మెట్ల మీద ఉన్నాడు. పక్కన స్టూలు వేసుకుని అత్తయ్య. నలుగురిలో గొంతెత్తి ఎరగని మనిషి, వచ్చినవాళ్ళందరికీ డబ్బా చూపించి చెప్పాడు: “దీన్ని పరీక్ష చేసింది నేనే. ఇందులో షుగర్ మాత్రలు కలిపారు. కొనకండి.”

ఒక కుర్రాడు ఎగాదిగా చూశాడు. “మీరెవరండీ? మిమ్మల్నెందుకు నమ్మాలి?”

బాబాయి ముఖం విప్పారింది.

“నన్నూ నమ్మొద్దు బాబూ. ఈ డబ్బా పట్టుకెళ్ళి ఇంకెక్కడైనా పరీక్ష చేయించు. అప్పటిదాకా మాత్రం మీ ఇంట్లో ఎవర్నీ మింగనివ్వకు.”