అమ్మకానికి మూడో అంతస్తు

ఇల్లు అమ్మకానికి పెట్టిన ఆ నెలలో మా ఆయనను తిట్టినంతగా పెళ్లయిన దగ్గర్నుంచీ ఎప్పుడూ తిట్టి ఉండను. తిట్టి ఏం లాభం? సగం ఆయనకు వినపడదు. సూరత్‌లో పనికొచ్చి స్థిరపడ్డ మా కరీంనగర్ వైపు మగవాళ్లు చాలామంది అంతే. పవర్‌లూమ్‌లను మేం సాంచాలు అంటాం. వాటి మోతలో ఏళ్ల తరబడి పనిచేస్తే చెవులు మొద్దుబారతాయి, గొంతు పెరుగుతుంది. మా ఆయన ఇంట్లో ఉప్పు అడిగితే గల్లీ చివరిదాకా వినిపిస్తుంది.

చెవులతో సర్దుకున్నాను. మోకాళ్లతోనే చిక్కొచ్చి పడింది. నిలబడి నిలబడి అవి అరిగిపోయాయి. నవాగామ్‌లో మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. డ్యూటీ దిగొచ్చి ఒక్కో అంతస్తు దగ్గరా కూర్చుంటూ పైకి చేరేసరికి ఆ ముఖం నేను చూడలేకపోయేదాన్ని. ఊళ్లోనే ఉన్ అనే పేటలో నేలమీద ఉన్న రెండు గదుల ఇల్లు చూశాం, మా ఇద్దరికీ పిల్లకూ సరిపోతుంది. ఆ ఇంటావిడ దీపావళి దాకా ఆగుతానంది. ఆలోపు మాది అమ్ముడుపోవాలి, లేకపోతే ఆ ఇల్లు చేజారిపోతుంది.

బ్రోకరు వచ్చి చుట్టూ చూశాడు. "భాభీ, ఇట్లా ఉంటే ఎవడూ కొనడు, రంగు వేయించండి" అని హిందీలో చెప్పి, టీ తాగి పోయాడు. వేయించాలట! ఏం పెట్టి? చీరలకు రాళ్లు అంటించి నేను వెనకేసుకున్న దాంతో ఒక డబ్బా రంగు, రెండు బ్రష్షులు, కాస్త పుట్టీ వచ్చాయి. మనుషుల్ని పెట్టే స్తోమత లేదు గనక నేనే కొంగు బిగించాను. పండగ ముందు వచ్చే చీరల పని కూడా వదులుకుని, స్టూలెక్కి, మెడ పట్టేసేలా గీకి, రుద్ది, పూశాను. ఆయన మంచం మీద నుంచి సలహాలు! "గా మూలకు ఇడ్సిపెట్టినవ్ సూడు."

ఒళ్లు మండింది. "నువ్వే అచ్చి ఎయ్యరాదు మరి!"

వినపడనట్టు అటు తిరిగాడు. ఆ మాట మాత్రం చక్కగా వినపడిందని నాకు తెలుసు.

అన్నీ ఒక ఎత్తు, లోపలి గది గోడ ఒక ఎత్తు. వానలకు డాబా మీంచి నీళ్లు దిగి అది ఉబ్బింది. ఎన్నిసార్లు పూసినా మరక మళ్లీ పైకి తేలుతోంది. డాబా బాగుచేయించడం మా తాహతు కాదు. "అచ్చినోళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్దాం" అన్నాను.

"నీకేమన్న పిచ్చా?" అని ఆయన బీరువాను ఈడ్చి ఆ గోడకు అడ్డం పెట్టాడు. మోకాళ్ల నొప్పి అప్పుడు గుర్తు రాలేదు కాబోలు!

ఒక సెలవు రోజున బ్రోకరు ఒక జంటను పంపాడు. మనవాళ్లే, కరీంనగర్ వైపు. అతనిదీ సాంచాల పనే. ఇద్దరూ మాకన్నా చిన్నవాళ్లు. వంటగది, పొద్దుటి ఎండ వచ్చే కిటికీ చూపించాను. "ఈడ తులసి కుండీ పెట్టుకోవచ్చు" అని ఆమె భర్తతో అనడం విని నా ప్రాణం కుదుటపడింది.

సరిగ్గా అప్పుడు మా ఆయన నా పక్కకొచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తన లెక్కలో గుసగుసగా అన్నాడు: "బీరువ జరుపనియ్యకు! గోడకు తడి ఉన్నది! మోకాళ్ల సంగతి సుత చెప్పకు! పిల్ల స్కూలు కోసం పోతున్నమని చెప్పు!"

కింది అంతస్తు వాళ్లకు కూడా వినపడి ఉంటుంది. సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆయన మాత్రం ఎవరూ వినలేదనుకుని వాళ్లను చూసి నవ్వాడు. ఆ అబ్బాయీ నవ్వి, "అన్న ఏమంటున్నడు?" అని అదే గొంతుతో భార్యను అడిగాడు. అతనికీ వినపడలేదు. విన్నది మేమిద్దరు ఆడవాళ్లమే.

ఇక దాచేదేముంది! "ఔ చెల్లె, తడి ఉన్నది. నువ్వే సూస్కో" అని బీరువా నేనే జరిపాను. మా ఆయన నన్ను మింగేసేలా చూశాడు.

ఆమె గోడను వేలితో నొక్కింది. "గీ తడిదేముంది అక్కా! మేముండే కాడ గింతకన్న ఎక్కువ కారుతది. పైన జర సిమెంటు కొట్టిస్తే ఆగుతది."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. దీనికోసమా మేం ఇన్నాళ్లు కొట్టుకు చచ్చింది!

"మోకాళ్ల సంగతేందక్కా?" అని అడిగింది.

ఉన్నదంతా చెప్పాను, ఉన్‌లో చూసుకున్న ఇంటి గురించి కూడా. ఆమె మా ఆయన కాళ్ల వైపు చూసింది, తర్వాత తన భర్త వైపు. మగవాళ్లిద్దరూ కిటికీ దగ్గర నిలబడి ఏ కార్ఖానా మంచిదో అరుచుకుంటూ నవ్వుకుంటున్నారు.

"మా ఆయనది సుత పొద్దంత నిలవడే పనే గద" అంది మెల్లగా.

భర్తను ముందు పంపి, గుమ్మం దగ్గర ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఏమనుకోకు అక్కా. ఇల్లు మంచిగున్నది, గని గిన్ని మెట్లు మాకొద్దు. ఉన్‌ల మీరు సూశిన ఇల్లు ఒకవేళ మీకు కుదరకపోతే, జర మాకు చెప్పుండ్రి."

ఆమె దిగుతుండగా మా ఆయన లోపలి నుంచి కేకేశాడు. "ఏమన్నది? తీస్కుంటరటనా?"

ఈ మెట్లు వద్దట, పైగా మనం చూసుకున్న ఇల్లే కావాలట అని ఆయనకు వినపడేలా చెప్పాలంటే అరవాలి. అరిస్తే మెట్ల మీద ఉన్న ఆమెకూ వినపడుతుంది. తల అడ్డంగా ఊపి వంటింట్లోకి వెళ్లిపోయాను.