మోతక్క కాలి కింది పెట్టెలు

బ్యాండులో బేస్ గిటార్ వాయించే మనిషి మొహం ఎవరికీ గుర్తుండదు. పాడేవాడు గుర్తుంటాడు, డ్రమ్ములు బాదేవాడు గుర్తుంటాడు, ఆఖరికి మైకులు సర్దడానికొచ్చి వైరు తట్టుకుని బోర్లా పడ్డవాడు కూడా గుర్తుంటాడు. మోతక్కని ఊళ్లో సగం మంది గుర్తుపట్టేవాళ్లంటే అది పొద్దున్నపూట స్కూలు వ్యాను తోలడం వల్ల. సాయంత్రం స్టేజీ ఎక్కిందంటే ఆవిడ ఎవరి కంటికీ ఆనేది కాదు.

ఆ పేరు పెట్టింది వ్యాను పిల్లలే. దారికడ్డంగా ఎవడైనా కారు ఆపాడంటే హారన్ మీద నుంచి ఆవిడ చెయ్యి లేచేది కాదు. కారువాడు దిగి కాలు దువ్వితే తనూ దిగేది. నోట్లోంచి తిట్టు ఒక్కటి రాకుండానే అవతలివాడికి చెమటలు పట్టించేది. అలాంటి మనిషికి ఒక్క చోట మాత్రం నోరు పెగిలేది కాదు. అది అన్నయ్య ముందు.

బ్యాండు అన్నయ్యది. పాడేదీ కీబోర్డు వాయించేదీ ఆయనే, కార్యక్రమాలు ఒప్పుకునేదీ ఆయనే. బ్యాండు పెట్టిన కొత్తలో బేస్ పట్టుకునేవాడు దొరక్క చెల్లెలి మెళ్లో గిటార్ తగిలించాడు. "నాలుగే తీగలే. పాట ఎటు పోతే అటు రా, చాలు" అన్నాడు. అప్పటికావిడ రెండు జడల పిల్ల. ఏ వేలు ఎక్కడ పెట్టాలో ఓపిగ్గా నేర్పింది కూడా ఆయనే. ఆ కృతజ్ఞత ఆవిడ గొంతుకి అడ్డం పడేది. మోకాళ్లు పట్టేసే వయసొచ్చినా పాట ఎటు పోతే అటు వెళ్లడమే ఆవిడ పని. ఇంట్లో మొగుడు మాత్రం "హాల్లో నీ శబ్దం వినపడలేదేమే" అని మొహం మీదే అనేవాడు. ఆయన మనసులో ఏదీ దాచుకోడు, అదొక రోగం.

ఒక రోజు గిటార్ వైరు తెగితే అతికించుకోడానికి గిటార్‌తో సహా రిపేరు షాపుకి వెళ్లింది. బల్ల మీద ఎవరో అమ్మేసిపోయిన చిన్న ఇనప పెట్టె ఉంది. "ఇదేంటి?" అంది.

"ఫజ్ పెడల్ అక్కా. శబ్దాన్ని చింపి గరుకుగా చేస్తుంది. గిటార్లవాళ్లు కొంటారు. మీ బేస్‌కి పనికిరాదులెండి" అన్నాడు షాపాయన.

పనికిరాదన్న మాట ఎవరన్నా ఆవిడ అక్కడే ఆగిపోతుంది. గిటార్ తగిలించి, పెట్టెని కింద పెట్టి మడమతో నొక్కి, లావు తీగని మీటింది. షాపు అద్దాలు అదిరాయి. తన వేలి కింద ఇంత కోపం ఇన్నేళ్లుగా అణిగి ఉందని ఆవిడకే తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. షాపాయన చెవులు మూసుకుని "తగ్గించుకోవచ్చక్కా, ఆ మీట తిప్పితే తగ్గుతుంది" అని అరిచాడు.

"తగ్గించుకోడానికైతే ఇంటిదగ్గర ఊరికే కూర్చునేదాన్ని" అంది మోతక్క. పెట్టెని సంచిలో వేసుకుని మరీ బయటపడింది.

ఆ మీదట ఒకదాని వెనక ఒకటి చేరాయి. మెల్లగా మీటినా గట్టిగా మీటినా శబ్దాన్ని ఒకే ఎత్తులో నిలబెట్టే కంప్రెసర్ వచ్చింది. వాయించిన స్వరానికి కింది స్థాయి స్వరాన్ని జోడించే ఆక్టేవర్ వచ్చింది. ఒక్కరు వాయిస్తే ఇద్దరు వాయించినట్టు వినిపించే కోరస్ వచ్చింది. వ్యాను సీటు కింద నుంచి ఊడదీసిన ప్లైవుడ్ ముక్క మీద వాటిని వరసగా అతికించింది. వ్యాను షెడ్డులోనే సాధన. ఏది ముందు ఏది వెనక అన్న దగ్గర మాత్రం ఆవిడకి చుక్కలు కనపడ్డాయి. ఫజ్‌ని ముందు పెట్టి ఆక్టేవర్‌ని వెనక పెడితే అది ఎక్కిళ్లు పెట్టింది. శుభ్రమైన స్వరం అందితేనే ఆక్టేవర్ దాని కింది స్థాయిని పట్టుకోగలదు. చింపేసిన శబ్దం అందిస్తే ఏ స్వరమో తేల్చుకోలేక గింజుకుంటుంది. రెండిటినీ తిరగేస్తే నేల కిందనుంచి లేచినట్టు వచ్చింది శబ్దం. కోరస్‌ని ఫజ్‌కి ముందు పెడితే అంతా బురద. దాన్ని చివరికి తోసేసింది. ప్రతి మీటనీ చెవికి ఇంపుగా అయ్యేదాకా తిప్పింది. షెడ్డు రేకులు ఊగిపోతుంటే ఆవిడకి ఇంక లోకంతో పని లేదనిపించింది.

తర్వాతి కార్యక్రమానికి ఆ పలక పట్టుకుని ధీమాగా వెళ్లింది. పాట మొదలైంది, ఫజ్ నొక్కింది, అంతే, మాయమైపోయింది. షెడ్డులో సింహంలా గర్జించిన శబ్దం స్టేజీ మీద దోమ పాటయిపోయింది. అసలు బేసే లేనట్టు పాటంతా గాల్లో తేలింది. అన్నయ్య వెనక్కి తిరిగి గుడ్లురిమాడు. దిగాక అందరిముందూ అనేశాడు: "ఉన్నదాన్ని కూడా పోగొట్టుకున్నావు కదే! బేస్‌కి పెడల్సేంటి, ఇంటి పునాదికి రంగులేసినట్టు! రేపటి నుంచి వైరొక్కటే పట్టుకుని రా."

తప్పు తనదేనని ఆవిడకీ తెలుసు, అందుకే ఆ మాట ఇంకా మండించింది. డ్రమ్స్ వాయించే మరిది మర్నాడు పరామర్శకి వస్తే, పట్టుకుని షెడ్డులో డ్రమ్ముల ముందు కూర్చోబెట్టింది. "నువ్వు బాదుతూనే ఉండు. నేను చెప్పేదాకా ఆపావో, నీ పెళ్లాంతో చెప్తా నువ్వు దాక్కుని సిగరెట్లు కాలుస్తున్నావని."

"నేనేం పాపం చేశాను వదినా!" అంటూనే బాదాడు పాపం.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఫజ్ శబ్దం అడుగు భాగాన్ని తినేసి పైపైన గరుకు మిగులుస్తుంది. ఆ గరుకు ఉండే చోట అప్పటికే గిటారూ డ్రమ్ములవాడి తాళాలూ కిక్కిరిసి ఉంటాయి. ఒంటరిగా వింటే అది తెలియదు. మోతక్క మళ్లీ రిపేరు షాపుకెళ్లి శబ్దాన్ని రెండు దార్లుగా చీల్చే పెట్టె ఒకటి తెచ్చింది. ఒక దారి ఏ మార్పూ లేకుండా నేరుగా వెళ్తుంది, రెండోది ఫజ్‌లోంచి వెళ్తుంది, చివర రెండూ కలుస్తాయి. అడుగు అడుగునే ఉంది, గరుకు దానిమీదెక్కింది. ఈసారి మీటలన్నీ మరిది బాదుతుండగానే తిప్పింది. అతను ఆపినప్పుడు ఆ శబ్దం ఒక్కటే వింటే జలుబు చేసిన మనిషి దగ్గులా ఉంది. డ్రమ్ములు కలవగానే గోడలా నిలబడింది.

"వదినా, ఇది వింటుంటే నా కాలు దానంతటదే ఆడుతోంది" అన్నాడు మరిది. అతను పొగడడం అరుదు, నిజం చెప్పడం ఇంకా అరుదు. ఆవిడ ఆ సాయంత్రమంతా నవ్వుతూనే ఉంది.

బ్యాండు సాధనలో కూడా అలాగే నిలబడింది శబ్దం. గిటార్ కుర్రాడు ఆగి మరీ ఆవిడ వైపు తిరిగి చూశాడు. అన్నయ్య మాత్రం పాట మధ్యలో ఆపేశాడు. మొహం గంటు పెట్టుకుని అన్నాడు: "నా గొంతు నాకే వినపడట్లేదు. ఆ పలక తీసెయ్."

"శబ్దం తగ్గించమంటే తగ్గిస్తాను. పలక తియ్యను." అన్నయ్యకి ఎదురు చెప్పడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి. చెప్పాక చూపు కూడా దించలేదు.

"అయితే విను. బేస్ అంతా కీబోర్డులో రికార్డు చేసిపెట్టుకున్నాను. నువ్వు వైరొక్కటే పట్టుకుని వస్తే నువ్వు వాయిస్తావు. ఆ పలక తెస్తే అది వాయిస్తుంది. నీ ఇష్టం."

ఇన్నేళ్ల చోటు ఒక బొత్తాం మీద ఆధారపడి ఉందన్నమాట. మోతక్కకి ఏడుపు ముంచుకొచ్చింది. అయినా ఆయన ముందు ఏడిస్తే తన పేరు మార్చుకోవాలి. "తెస్తాను అన్నయ్యా" అంది.

కార్యక్రమం ఒక కంపెనీ హాల్లో. మోతక్క అన్నమాట ప్రకారం పలకతోనే వచ్చింది. మొదట శబ్దాలు సరిచూసుకున్నప్పుడు అంతా బాగానే ఉంది. అన్నయ్య ఏమీ అనలేదు, బెదిరింపు ఉత్తదేనేమో అనుకుంది. జనం నిండారు, దీపాలు వెలిగాయి, మొదటి పాట ఎత్తుకున్నారు. రెండో చరణానికల్లా ఆవిడకి ఏదో తేడా కొట్టింది. తన ఆంప్లిఫయర్ తన వెనకే మోగుతోంది. హాల్లోకి పోతున్న బేస్ మాత్రం తనది కాదు. నున్నగా, ఊపిరి లేకుండా, ఒక్క స్వరం కూడా అటూ ఇటూ జరగకుండా వస్తోంది. ఆవిడ మీటడం ఆపి చూసింది. హాల్లో బేస్ ఆగలేదు.

హాలు స్పీకర్లలోకి ఎవరి శబ్దం ఎంత పోవాలో చూసే మిక్సర్ దగ్గరున్నాయన వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

తను లేకపోయినా పాట నడుస్తోంది. జనం తలలూపుతున్నారు. ఆవిడకి చెంప మీద కొట్టినంత అవమానమనిపించింది. గిటార్ విప్పేసి దిగిపోవాలనిపించింది. దిగిపోతే అన్నయ్య మాటే నెగ్గుతుంది, పాట చక్కగా పూర్తవుతుంది, రేపటి నుంచి ఈ స్టేజీకి తన అవసరమే ఉండదు. దిగలేదు. మరిది వైపు రెండడుగులు వెనక్కి నడిచి, అతని డ్రమ్ముల పక్కనే నిలబడి, ఫజ్ మీద కాలు వేసింది. మరిది ఉలిక్కిపడి చూశాడు. ఆవిడ కళ్లతోనే చెప్పింది, నాతో రమ్మని.

తర్వాత ఆవిడ చేసిన పని ఏ పాఠంలోనూ ఉండదు. మెల్లగా వేగం తగ్గించింది. వెంట్రుక వాసంత, అంతే. మరిది పెదవి కొరుక్కున్నాడు. కార్యక్రమాలిచ్చేది ఆవిడ అన్న, అడిగేది తన వదిన. ఒక్క క్షణం తటపటాయించి, ఆవిడ వేళ్ల మీద కళ్లు పెట్టి, కాలు ఆవిడతో కలిపాడు. గిటార్ కుర్రాడికి ఏం జరుగుతోందో తెలియకపోయినా డ్రమ్స్ ఎటుంటే అటు పోవడం అలవాటు కనక వాళ్లతో వచ్చేశాడు. మనుషులు ముగ్గురూ ఒకచోట ఉన్నారు. యంత్రం మాత్రం ఎవరికోసమూ ఆగక ముందుకెళ్లిపోతోంది. దానికి వెనక్కి చూడడం రాదు.

అన్నయ్య మొదట యంత్రంతో పాడాడు, తర్వాత డ్రమ్స్‌తో పాడబోయాడు, రెండిటి మధ్యా పడి చరణం తప్పాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన తిరిగి చూశాడు. మోతక్క కూడా ఆయన్నే చూస్తోంది. వేగం ఇంకాస్త తగ్గించింది.

అన్నయ్య కీబోర్డు మీద బొత్తాం నొక్కి రికార్డు ఆపేశాడు. ఒక్కసారిగా హాలు అడుగు ఊడిపోయినట్టయింది. ఆయన చెయ్యెత్తి మిక్సరాయనకి సైగ చేశాడు, పెంచమని. నాలుగు దెబ్బల తర్వాత మోతక్క శబ్దం పెద్ద స్పీకర్లలోంచి హాలు మీద విరుచుకుపడింది. వెనక వరసల్లో ఈలలు మోగాయి.

విరామంలో స్టేజీ వెనక గదిలో అన్నయ్య తలుపు వేశాడు. "పదిమందిలో నా పరువు తీశావు."

"నేనింకా బతికుండగానే నా చోట మిషన్ని నిలబెట్టావు. దాన్నేమంటారు?"

ఆయన అరుస్తాడనుకుంది. కుర్చీలో కూలబడ్డాడు. "నా గొంతు దిగిపోయిందే. పై స్థాయి అందట్లేదు. ఏడాది నుంచి ప్రతి పాటా శ్రుతి దించే పాడుతున్నాను. ఆ కింద నువ్వు కూడా వచ్చి గర్జిస్తుంటే నేనెక్కడ నిలబడి పాడను?"

శ్రుతి దించుతున్నాడని ఆవిడకి తెలుసు, ఆయనతో పాటు దించిందీ తనే. కారణం అడగలేదు, అంతే. వేళ్లు పట్టుకుని నేర్పిన మనిషి ఆయన. ఆ క్షణంలో ఫజ్ ఊడదీసి ఆయన చేతిలో పెట్టేద్దామని కూడా అనిపించింది. కానీ తల దించుకున్న మిక్సరాయన గుర్తొచ్చాడు.

"ఈ మాట ఇంటికొచ్చి చెప్పుంటే నీకెంత చోటు కావాలంటే అంత ఇచ్చేదాన్ని" అంది. "చెప్పకుండా నా నోరు నొక్కావు. అది మాత్రం నేను మర్చిపోను అన్నయ్యా."

"ఇప్పుడు చెప్తున్నానుగా."

"ఇప్పుడు విన్నాను. నువ్వు పాడుతున్నంతసేపూ ఫజ్ జోలికి పోను. చరణానికీ చరణానికీ మధ్య మాత్రం నాది. అక్కడ నన్ను ఆపావో, మరిదీ నేనూ సామాన్లు సర్దుకుని ఇంటికెళ్లిపోతాం."

"నీదంటే ఎంతసేపే?" అన్నాడాయన, నీళ్లు నములుతూ.

"నాకు చాలనిపించేదాకా."

విరామం తర్వాత మొదటి పాటలో అన్నయ్య కింది స్థాయిలోనే, నెమ్మదిగా, ఉన్న గొంతుతోనే పాడాడు. మోతక్క శబ్దాన్ని బాగా తగ్గించి ఆయన కిందే ఉంది. చరణం అయింది. ఆవిడ ఆక్టేవర్, ఫజ్ రెండూ ఒకేసారి తొక్కింది. నేల అదిరింది, కుర్చీలు అదిరాయి, మరిది లేచి నిలబడి బాదాడు. అన్నయ్య తర్వాతి చరణం ఎత్తుకోబోయి, ఊపిరి పీల్చుకుని, చెల్లెలి వైపు చూశాడు. ఆవిడ ఇంకా ఆపలేదు. ఆయన మైకు కిందికి దించి నిలబడ్డాడు.