మా జిల్లాలో పద్దెనిమిది మంది ఒలింపియన్లు

ఆ రోజుల్లో మా అనంతపురంలో ఎవరైనా తనకు ఈత వచ్చునంటే నమ్మడం తప్ప వేరే దారి ఉండేది కాదు. ఈది చూపించమనడానికి ముందు నీళ్ళుండాలి కదా. ఆ రోజులంటే మరీ రాజుల కాలమేమీ కాదు, పది పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పటికే అందరి చేతుల్లోనూ స్మార్ట్ ఫోన్లున్నాయి, బావుల్లో మాత్రం నీళ్ళు లేవు. నలభై దాటిన ప్రతి మగవాడూ తాను చిన్నప్పుడు ఏ బావిలోకి ఎంత ఎత్తు నుంచి దూకేవాడో కథలు కథలుగా చెప్పేవాడు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుండేది వ్యవహారం. అలాంటి ఊళ్ళో, ఈత రాని నేను (ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత మోసం చేసిందని అనకండి) జిల్లా ఈత సంఘంలో ఉద్యోగం చేశాను. అంతటితో ఆగినా బాగుండేది. ఓ వారం పాటు నేను ఒలింపిక్స్‌లో ఈదిన మనిషిని కూడా.

మా సంఘం ఆఫీసు, బోరు మోటార్లు రిపేరు చేసే ఒక షాపు వెనక గదిలో ఉండేది. ఆ షాపు యజమానే సంఘానికి సెక్రటరీ. అందరూ మోటర్ సార్ అనేవారు. జిల్లాలోని నీళ్ళన్నీ పైకి లాగేసిన మోటార్లు ముందు గదిలో, ఈతను ఉద్ధరించే కాగితాలు వెనక గదిలో. అంతకు ముందు ఏడాది నేను మండలాఫీసులో పంట నష్టం లిస్టులు కంప్యూటర్లోకి ఎక్కించే తాత్కాలిక పని చేశాను. "ఫారాలు నింపేది తెలిసిన పిల్ల" అని మోటర్ సార్ నన్ను పెట్టుకున్నాడు. జీతం పేరుకే. అసలు ఆశ వేరే ఉంది. ఊళ్ళో కొత్తగా కట్టి, ఇంకా నీళ్ళు నింపని ఈత కొలను కౌంటర్లో కూర్చునే పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. పెద్దల ఈత పోటీలు సవ్యంగా జరిపిస్తే ఆ పోస్టుకు నా పేరు రాస్తానని సార్ మాటిచ్చాడు. నాకప్పుడు ఇరవై అయిదేళ్ళు. డిగ్రీ అయి మూడేళ్ళు దాటినా సరైన ఉద్యోగం లేదు. "ఏమ్మా, ఏమన్నా తగిలిందా?" అని నాయన రోజూ సాయంత్రం, చెరువులో గాలం వేసినవాణ్ణి అడిగినట్టు అడిగేవాడు. తగిలిందని ఒక్కసారి చెప్పాలని నాకు ఎంత ఉండేదో.

పెద్దల పోటీలంటే పాతికేళ్ళు నిండినవాళ్ళు వయసుల వారీగా ఈదడం. ఫారం రాష్ట్ర ఆఫీసు నుంచి వచ్చింది. పేరు, వయసు, రక్తం గ్రూపు, అన్నిటి కిందా చివర్లో 'మాజీ ఒలింపియనా? అవును / కాదు' అని రెండు గడులు. నిజంగా అంతటివాళ్ళెవరైనా ఉంటే వేదిక మీద శాలువా కప్పుదామని వాళ్ళ ఉద్దేశమట. పద్దెనిమిది ఫారాలు వచ్చాయి. ఆడవాళ్ళలో ముగ్గురు లేకపోతే పోటీ పెట్టకూడదట, మాకు దొరికింది ఇద్దరే. మూడో పేరుగా నన్నే ఎక్కించమన్నాడు సార్. "నాకు ఈత రాదు సార్" అన్నాను. "పేరియ్యనీకి ఈత రావల్లనా? ఆ పొద్దు జరమొచ్చిందని చెప్పు, పో" అన్నాడు. సరే, నా ఫారమూ నింపి, మొత్తం పంతొమ్మిదిటి కిందా 'వివరాలు పరిశీలించితిని' అని సంతకం పెట్టి పంపేశాను. పరిశీలించడమంటే ముద్ర సరిగ్గా పడిందో లేదో చూడడమని మండలాఫీసులో నేర్చుకున్న విద్య.

మూడో రోజు రాష్ట్ర ఆఫీసు నుంచి ఒక మేడం ఫోన్ చేసింది. "మీ జిల్లాలో పద్దెనిమిది మంది ఒలింపియన్లున్నారా?" అని అడిగింది. "ఉన్నారా మేడం?" అన్నాను నేను, మన జిల్లాకు ఏదో మంచి జరిగిందనుకుని. "నన్నడుగుతారేంటమ్మా, సంతకం పెట్టింది మీరే కదా! రాష్ట్రమంతా గాలించినా అంతమంది దొరకరు. వారంలోగా ఒక్కొక్కరిదీ రుజువన్నా పంపండి, పొరపాటని రాసిచ్చిన కాగితమన్నా పంపండి. లేకపోతే మీ పోటీలు రద్దు. సంతకం చేసినవాళ్ళ సంగతి కూడా చూస్తాం." ఫోన్ పెట్టేసి ఫారాల నకళ్ళు తీశాను. ఒక్క ఫారంలో తప్ప అన్నిటిలోనూ 'అవును' మీద టిక్కు ఉంది. చివరి ఫారం నాది. అందులోనూ ఉంది. ఎప్పుడు పెట్టానో, ఏమనుకుని పెట్టానో, దేవుడి మీద ఒట్టు, గుర్తు లేదు.

మోటర్ సార్ ఏమాత్రం చలించలేదు. "రుజువు తెమ్మను. రుజువంటే మనోళ్ళు తలా ఒక దిక్కు జారుకుంటారు" అన్నాడు. కరువు జిల్లా వాణ్ణి కాగితం అడిగి భయపెట్టవచ్చని అనుకోవడం మేము చేసిన పెద్ద తప్పు. మర్నాటికల్లా రుజువులు రావడం మొదలైంది. బుక్కరాయసముద్రం పక్క పల్లెకు ఒకప్పుడు సర్పంచిగా చేసిన ప్రెసిడెంటన్న, గుండ్రటి ముద్ర వేసిన సర్టిఫికెట్ తెచ్చాడు: 'పై వ్యక్తి మా గ్రామ వాస్తవ్యుడనియు, ఒలింపిక్సు నందు ఈదియున్నాడనియు గ్రామస్థుల వలన తెలియుచున్నది.' ఆయన వెనకే పంక్చర్ మామ వచ్చాడు. బస్టాండు దగ్గర పంక్చర్లు వేసే సాయిబు ఆయన. గాలి ఎక్కడ పోతోందో చూడడానికి ట్యూబును తొట్టిలో ముంచుతాడు కాబట్టి, మా ఈతగాళ్ళందరిలోనూ రోజూ నీళ్ళలో చెయ్యి పెట్టేది ఆయనొక్కడే. ఆటో నిండా సాక్షుల్ని వేసుకొచ్చాడు, ఐదుగురు.

"వీళ్ళంతా కండ్లారా చూసినారమ్మా, నేను ఈదేది" అన్నాడు మామ.

"ఒలింపిక్స్‌లోనా మామా?" అన్నాను.

సాక్షుల్లో పెద్దాయనకు కోపమొచ్చింది. "ఏమ్మా, ఈడ ఈదినోడు ఆడ ఈదలేడా?"

"యా దేశంలో ఈదినాడు పెద్దాయనా?"

"యా దేశమైతే ఏమమ్మా, నీళ్ళు నీళ్ళే గదా!"

నేను పెన్ను కింద పెట్టేశాను. సాక్షులను టీకి పంపి, "మామా, నా ఉద్యోగం పోయేట్టుండాది. నిజం చెప్పు, ఆ టిక్కు యాల పెట్టినావు?" అని అడిగాను. మామ నా వైపు జాలిగా చూశాడు. "గడి ఉండాది గదమ్మా! గడి ఉంటే టిక్కు పెట్టల్ల. ఖాళీగా ఇడిస్తే, రేపు ఏదన్నా వచ్చినప్పుడు లిస్టులో మన పేరుండదు. అప్పుడు యా ఆఫీసు సుట్టూ తిరిగేది?" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. కరువు లిస్టులతో పెరిగిన చెయ్యి నాది కూడా. ఖాళీ గడి కనిపిస్తే అది ఊరుకోదు. మేము ఇలా మాట్లాడుకుంటూ ఉండగానే, టిక్కు పెట్టని ఆ ఒక్క మనిషి, రిటైరైన డ్రిల్లు మాస్టారు, రొప్పుకుంటూ వచ్చాడు. ఫారంలో రెండో పేజీ అంటుకుపోయి చూసుకోలేదట. "అందరూ ఒలింపిక్స్ అంట, నేనొక్కడే కాదంట! నాకేం తక్కువమ్మా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఇక పొరపాటని రాయించుకోవడమే మిగిలింది. మా జిల్లాలో లిస్టులో పేరెక్కించమని తిరిగినవాళ్ళున్నారు గానీ, తీసెయ్యమన్నవాడు పుట్టలేదు. ఈ గడిలో పేరు పోయినంత మాత్రాన రేషన్ కార్డు, పింఛను, ఇన్సూరెన్సు ఎక్కడా పేరు పోదని నేను ఒక్కొక్కరికీ నా చేతిరాతతో హామీ పత్రం రాసిచ్చాను (ఏ అధికారంతోనని అడక్కండి). మూడు రోజుల్లో కాగితాలన్నీ చేతికొచ్చాయి, ఒక్కటి తప్ప. అది ముదిగుబ్బ దగ్గర గొర్రెలు మేపుకునే ఒక పెద్దాయనది. గొర్రెల తాత అనేవాళ్ళం. ఫోనులో ఆయన ఒకటే మాట: "తీసేది లేదు." గడువుకు ఇంకా రెండు రోజులున్నాయి. బస్సెక్కి పోయాను.

తాత తన చేనులో ఒక బావి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. బావి అనాలో లేదో తెలియదు. అడుగున మొలిచిన సర్కారు తుమ్మ ఎదిగి ఎదిగి గట్టు పైకి తల పెట్టి చూస్తోంది. చెప్పినదంతా విని, "ఒకసారి ఉన్న మాట చెప్పి సెడినానమ్మా" అన్నాడు. "ఒక ఏడు వానే రాల్యా. శెనక్కాయ ఇత్తనమే ఎయ్యలేదు. ఆఫీసరొచ్చి పంట నష్టమయిందా అన్న్యాడు. ఏస్తే గదా సార్ నష్టమయ్యేది, నేను ఎయ్యనే లేదు అన్న్యా. ఏసినామని అబద్ధం చెప్పినోళ్ళందరి పేర్లూ లిస్టుకెక్కినాయి, నాది లేకపాయ. ఎయ్యలేకపోయేది నష్టం కాదామ్మా?" అలాంటి లిస్టులు ఎక్కించినదాన్ని నేనే. "నువ్వు నిజంగా ఒలింపిక్స్‌కు పోయినావా తాతా?" అన్నాను. "యాడ పోతాను తల్లీ! ఈ సుట్టుపక్కల నాయంత ఈదేటోడు లేకపాయ. ఇదే బాయిలో మునిగి అడుగు మట్టి తెచ్చి చూపిస్తాంటి. నాకు ఇరవై ఏండ్లొచ్చేతలికి బాయి ఎండిపాయ. ఇంగ యాడ ఈదేది, యాడికి పోయేది?"

నాకు పాపమనిపించింది. నవ్వూ వచ్చింది, అది వేరే సంగతి. కాగితం తీసి, 'ఒలింపిక్స్‌కు పోలేదు. కారణం: బావి ఎండిపోవుట' అని రాశాను. తాత మూడుసార్లు చదివించుకున్నాడు. "ఇది సరిగ్గా ఉండాది" అని వేలిముద్ర వేశాడు. పంట నష్టానికి చేసినట్టే, పేరు రాసిన పలక చేతికిచ్చి, బావి పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నాను. ఆ సాయంత్రమే రెండూ రాష్ట్ర ఆఫీసుకు మెయిల్లో పంపేశాను. మర్నాడే మేడం ఫోన్ చేసింది. "ఈ కారణమేంటమ్మా? దీనికి రుజువుందా?" అంది. "బావి ఫోటో పెట్టినాను, చూడండి మేడం" అన్నాను. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. "సరే. మిగతావాళ్ళవీ పంపించెయ్యండి" అంది మెల్లగా.

మిగతావి పంపడం అంత సులువా? తాత కాగితం సంగతి ఊరంతా పాకిపోయింది. సాయంత్రానికి అందరూ మళ్ళీ మోటార్ల మధ్య నిలబడ్డారు. పొరపాటని రాసిచ్చిన కాగితాలు వెనక్కిమ్మన్నారు. "పొరపాటు మాది యెట్లయితాది? మాకూ ఆ కారణమే రాయి" అన్నారు. "ఆయప్పకు ఎండింది ఒక బాయే. మాకు రెండు ఎండినాయి, రెండూ రాయి" అన్నాడు ప్రెసిడెంటన్న. "మాకు బాయి యాడిదమ్మా, అన్నోళ్ళ బాయిలోనే నేర్చుకున్న్యా. నాకూ అదే రాయి" అన్నాడు పంక్చర్ మామ. అసలు టిక్కే పెట్టని డ్రిల్లు మాస్టారు కూడా వరసలో నిలబడి తన బావి రాయించుకున్నాడు. అందరూ పోయాక మోటర్ సార్ తన ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు. "నాదీ రాయమ్మా" అన్నాడు, ముందు గది వైపు చూడకుండా.

పోటీలు జరిగాయి. గొర్రెల తాత తల నీళ్ళ పైన పెట్టుకుని అవతలి గట్టు దాకా అందరికంటే ముందు పోయి, వెనక్కి తిరిగి రావాలని తెలియక గట్టెక్కి ఒళ్ళు తుడుచుకున్నాడు. నాకు అనుకున్న రోజున జ్వరం వచ్చింది. కౌంటర్ పోస్టు నాకే దక్కింది. నాయన వీధిలో అందరికీ మైసూర్‌పాక్ పంచాడు.

అన్నీ బాగానే ముగిశాయి గానీ, ఆ ఫైలులో నా కాగితం ఒకటుంది. దాని మీద కూడా 'బావి ఎండిపోవుట' అనే రాశాను, పోస్టు పోతుందన్న తొందరలో. నాకు ఈత రాకపోవడానికి కారణం మా బావి కాదు. నాకు పద్నాలుగేళ్ళొచ్చేదాకా నిండా నీళ్ళుండేవి. మా అన్నలిద్దరూ అందులోనే నేర్చుకున్నారు. నేను గట్టు మీద వాళ్ళ చొక్కాలు పట్టుకుని కూర్చునేదాన్ని. "నన్నూ దింపు నాయనా" అని ఒకసారి అడిగాను. "ఆడపిల్లవు, నీకెందుకే?" అన్నాడు. అంతే, మళ్ళీ అడగలేదు. పంతొమ్మిది మంది కారణాల్లో పద్దెనిమిది నిజాలు, ఒకటే అబద్ధం. అది నిజానిజాలు తేల్చడానికి కూర్చున్న మనిషిది. అంత తొణక్కుండా రాసేసిన ఆ ఇరవై అయిదేళ్ళ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. గట్టు మీద కూర్చున్న ఆ చిన్నపిల్ల ఇంకొక్కసారి అడిగి ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తూనే ఉంటుంది.