మేం తినేసిన యార్క్ కొండ

“ఒక్క పచ్చ వెల్వెట్ కాగితం కొంటే పోయేదానికి ఇంత రభస ఎందుకత్తయ్యా?” అంది మా కోడలు.

“ఉన్న ఇల్లే ఖాళీ చేస్తూ గడ్డి కొంటానంటావేంటమ్మాయ్? వంటింట్లో మెంతులున్నాయి. మొలకెత్తిస్తాను.”

“అది కోట కింద కొండండీ. మీ బొమ్మల కొలువు కాదు.”

“బొమ్మల కొలువులో మాత్రం కొండలుండవా?”

ఆ రోజుల్లో నాకు అరవై రెండు నిండాయిగానీ, సౌదీలోని అల్ ఖోబర్‌లో మాత్రం భాష రాక నేను ఒకటో తరగతి పిల్లనే. (మన దేశంలో చదివింది మూడు. దానికి అక్కడ విలువ లేదు.) మావాడు అక్కడ ఇంజనీరు. ఇంట్లో ప్రతి మనిషికీ నెలనెలా లెవీ పేరుతో అక్కడి సర్కారుకి డబ్బు కట్టాలన్న రూలు వచ్చాక, బడికి సెలవులివ్వగానే కోడల్నీ మనవరాల్నీ ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్లీ రాకుండా, ఇంటికి పంపేయాలనుకున్నాడు. సర్దడానికి సాయంగా నేను విజిట్ వీసా మీద వెళ్లాను. సర్దడమంటే నా ఉద్దేశంలో ఏదీ పారేయకపోవడం, కోడలి ఉద్దేశంలో అన్నీ పారేయడం. అందుకని రోజూ ఒక విడత మాటలు నడుస్తుండేవి.

ఇంతలో మనవరాలి బడిలో ప్రదర్శన వచ్చింది. ఒక్కొక్కరూ ఒక్కో ఊరి వింతల్ని బొమ్మకట్టి, గైడులా నిలబడి చూపించాలి. మా పిల్లకి ఇంగ్లండులోని యార్క్ వచ్చింది. ఆ బడిలో దానికదే ఆఖరి పండగ. అందరికీ తను బాగా గుర్తుండిపోవాలని ఒకసారి చెప్పులు తొడుక్కుంటూ అంది. ఆ మాట నా మనసులో పట్టుకుంది. ఖర్జూరం అట్టపెట్టెలు చీల్చి ఊరి చుట్టూ రాతిగోడ కట్టాం. నేను పరుపు కింద దాచిన చాక్లెట్ కాగితాలు పెద్ద చర్చికి రంగుటద్దాలయ్యాయి (వాటిని పారేయమని కోడలు రెండుసార్లు చెప్పిందని ఇక్కడ మనవి చేస్తున్నాను). ఆ ఊళ్లో మేడలు ఎదురెదురుగా ముందుకు వాలిపోయే ఇరుకు సందు ఒకటుంది. ఎదురింటికి కిటికీలోంచే కూరగిన్నె అందించుకోవచ్చు గదా అని ముచ్చటపడ్డాను. ఇక బోర్లించిన బేసిను మీద తడి దూది పరిచి మెంతులు చల్లితే, వారంలో కొండ పచ్చగా కమ్ముకుంది. దాని నెత్తిన కోట తాలూకు గుండ్రటి రాతి బురుజు. పిల్ల రోజూ వల్లించే ఇంగ్లీషు అర్థం కాకపోయినా నాకు కంఠతా వచ్చేసింది.

ప్రదర్శన ముందురోజు సాయంత్రానికి మెంతులు ఏపుగా ఎదిగి బురుజును సగం మింగేశాయి. అక్కడ గడ్డిని పొట్టిగా కత్తిరిస్తారని పిల్ల చెప్పింది గుర్తొచ్చి కత్తెర తీశాను. కుడివైపు కాస్త ఎక్కువ తెగింది. సమం చేద్దామని ఎడమవైపు కోశాను. అది ఇంకా ఎక్కువ తెగింది. (మా నాన్న మా తమ్ముడికి ఇంట్లోనే క్రాపు చేసినప్పుడూ ఇలాగే జరిగింది.) తలెత్తి చూసేసరికి ఎదురుగా బోడికొండ, ఒళ్లో లేత మెంతికూర. పొయ్యి మీద కందిపప్పు ఉడుకుతోంది. చేతిలో ఉన్న కూర పారేయడం పుట్టి బుద్ధెరిగాక నేను ఎరగను.

భోజనాల దగ్గర మావాడు ఇంత లేత కూర ఎక్కడ దొరికిందమ్మా అని మెచ్చుకున్నాడు. పిల్ల మారు వడ్డించుకుంది. నేను మజ్జిగ గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాను. చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్లిన పిల్ల, బేసిను పట్టుకుని మెల్లగా తిరిగొచ్చింది.

“మామ్మా, నేను తిన్నది నా కొండేనా?”

“పొట్టిగా కోస్తారన్నావు గదే,” అన్నాను. కోడలు ఏదో ఒకటి అంటుందని చూశాను. గిన్నెలు ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. దాంతో ఇంకా భయం వేసింది.

మర్నాడు ఉదయం పిల్ల ఆ బోడికొండతోనే బడి హాల్లో బల్ల ముందు నిలబడింది. నేను వెనక్కి వెళ్లి నిలుచున్నాను. గోడ, చర్చి, సందు, నాకు కంఠతా వచ్చిన మాటలన్నీ వరసగా వచ్చాయి. కొండ దగ్గరికొచ్చేసరికి నేనెన్నడూ వినని ముక్క ఒకటి చెప్పింది. మధ్యలో మామ్మ అని వినపడింది. జనం గొల్లుమన్నారు. పక్క బల్లల దగ్గరివాళ్లు కూడా వచ్చి మూగారు. ఏమందని కోడల్ని గోకాను.

“ఈ కొండ మీద గడ్డి నిన్న మా మామ్మ కోసింది, పప్పులో చాలా బావుంది, అందండీ.”

టీచరమ్మ మళ్లీ చెప్పమంది. పిల్ల ఇంకా గట్టిగా చెప్పింది, ముఖం వెలిగిపోతూ. అప్పుడు చూశాను, కోడలి సంచిలోంచి పచ్చ వెల్వెట్ కాగితం చుట్ట ఒకటి తొంగి చూస్తోంది. నాకు తెలీకుండా వారం కిందటే కొని దాచిందట. పొద్దున పిల్లే వద్దందట.

“విప్పలేదుగా? బిల్లుంటే వాపసు తీసుకుంటారు,” అన్నాను. మనవరాలి పేరు హాలంతా మోగుతుంటే బిల్లు అడిగిన ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. కోడలు కళ్లు తుడుచుకుంటూ, పర్సులోంచి బిల్లు తీసి నా చేతిలో పెట్టింది.